దించటం తెలిసినోళ్ళు

మిర్చి యార్డు వెనక గేటు ఎదురుగా
సుభానీ మామ క్యాసెట్ల కొట్టు.
నా పని రీవైండు.
వెనక్కి తిప్పకుండా తెచ్చినోడికి అర్ధరూపాయి ఎక్కువ,
ఆ అర్ధరూపాయి నాది.

జపాను కుస్తీ క్యాసెట్లు ఎలా వచ్చాయంటే
ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు.
మద్రాసు హార్బరులో ఓడ వంటవాడు బాకీ కింద ఇచ్చాడని,
కాదు, పాత టీవీ కొంటే అట్టపెట్టె అడుగున దొరికాయని.
మొత్తం ముప్ఫయ్యొకటి.
అట్టల మీద అక్షరాలు
ఊడ్చేసిన తొడిమల్లా ఎటుపడితే అటు.
చదవలేక మామే పేర్లు పెట్టాడు:
నల్ల నిక్కరు. కుంటి కొంగ. బట్టతల బావ.
గెలిచి ఏడ్చేవాడు.

కమీషను కొట్లో పారేసిన పట్టీల పుస్తకంలో
ప్రతి పెద్ద ఆటా ఎక్కించేవాడు:
తేదీ, ఊరు, జనం ఎంతుంటారో అంచనా,
చివరి గడిలో సన్నం అనో, తాలు అనో.

"యుద్ధం ఓడిపోయారు గదా," అని మొదలెట్టేవాడు
టీ గ్లాసు కింద పెట్టి.
"ఇళ్ళల్లో టీవీల్లేవు. బజార్లో ఎత్తున ఒకటి నిలబెట్టారు.
వేలమంది మెడలెత్తి చూశారు.
లోపల ఒకడు అరిచేతి అంచుతో
ఆరడుగుల తెల్లోణ్ణి నరుకుతుంటే
ఆ దెబ్బ బయట నిలబడ్డోళ్ళందరిదీ."
నీకెవరు చెప్పారు మామా అంటే
క్యాసెట్టు తిప్పమనేవాడు.

జనవరి నాలుగున
గుడ్డులాంటి పెద్ద గోపురం కింద ఆట.
ఏటా అదే తేదీ.
మాకూ అప్పుడే కొత్త కాయ దిగటం మొదలు,
లారీలు చుట్టుగుంట దాకా.
ఆ రాత్రి షట్టరు సగం దించి
రెండేళ్ళ వెనకటిదో, ఆరేళ్ళ వెనకటిదో,
ఒక జనవరి నాలుగు వేసేవాడు.
హమాలీలు తలగుడ్డలు విప్పకుండానే కూచునేవాళ్ళు.
ఒకడు తుమ్మితే అందరూ తుమ్మేవాళ్ళు.
అక్కడ రింగులోకి రంగు కాయితాల చుట్టలు విసిరితే
ఇక్కడ అంకమ్మరావు పురికొస ఉండ విసిరాడు,
టీవీ మీదున్న గ్లాసు పగిలింది.

డిగ్రీ కుర్రాడొకడు నవ్వాడో రోజు:
"అంతా నాటకం. ముందే మాట్లాడుకుంటారు."
మామకి కోపమొచ్చింది, మాట రాలేదు.
వెనకనించి ఇస్రాయేలు లేచాడు,
ముప్ఫయ్యేళ్ళుగా టిక్కీలు మోసిన వీపు.
"తిప్పరా," అన్నాడు నాతో. "ఇంకొంచెం. ఆఁ.
ఎత్తటం చూడమాక బాబూ, దించటం చూడు.
కిందోడు ముందు చిన్న ఎగురు ఎగిరాడు, చూశావా?
పైవోడు మెడ కింద చెయ్యి పెట్టాడు.
టిక్కీ నాకెప్పుడూ ఎగిరి సాయం చెయ్యలా.
నూటిరవై కిలోల మనిషిని తలమీంచి విసిరి
రేపు మళ్ళీ పనికొచ్చేట్టు దించటం
నాటకమైతే
అది నాకెవరన్నా నేర్పండి."

తొడిమలు తీసే ఆడోళ్ళు ఒక్క క్యాసెట్టే అడిగేవాళ్ళు.
ఆ గోపురం కిందే, అందరూ ఆడాళ్ళే,
మధ్యాహ్నం మొదలైన కుస్తీ అర్ధరాత్రి దాకా.
మండే వేళ్ళు మజ్జిగలో ముంచుకుని చూసేవాళ్ళు.
ఒకదాన్ని జుట్టు పట్టి ఈడుస్తుంటే
మరియమ్మత్త "లెయ్యవే, లెయ్యి" అంది.
అది లేచింది.
ఎన్నిసార్లు వేసినా లేచేది.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల రిపేరు.
క్యాసెట్లకి తెల్ల బూజు పట్టింది, మామ పోయాడు,
పుస్తకం నా దగ్గరుంది.
చివరి పేజీలో జపాను లేదు.
"ఇస్రాయేలు. రెండో గేటు, లారీ బల్ల మీదనించి.
కింద చెయ్యి పెట్టినోడు లేడు."
జనం అంచనా: పదకొండు.
పక్క గడి ఖాళీ.
పేజీ తిప్పబోతే
తుమ్మొచ్చింది.